నెల దాటినా మానని పుండు

చర్మ క్యాన్సర్ అనగానే మనలో చాలామందికి తెల్లవాళ్లు, సముద్రతీరపు ఎండ, సన్‌స్క్రీన్ గుర్తొస్తాయి. మన ఒంటి రంగుకి ఆ జబ్బు రాదులే అన్న ధీమా కూడా వెంటే వస్తుంది. ఆ ధీమాకు కొంత ఆధారం ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే ఆస్ట్రేలియాలో కనిపించినంత చర్మ క్యాన్సర్ మన దగ్గర కనిపించదు. అయితే మనవాళ్లకు వచ్చినప్పుడు అది ఎవరూ అనుకోని చోట వస్తుంది, ఆలస్యంగా బయటపడుతుంది. చిన్నప్పుడు కాలిన మచ్చ మీద నడివయసులో వస్తుంది. ఏళ్ల తరబడి కట్టు కడుతున్న కాలి పుండు అంచున వస్తుంది. నడుము దగ్గర లంగా బొందు ఒరుసుకునే చోట వస్తుంది. మర్మావయవాల మీద వచ్చి, సిగ్గు చాటున పెరుగుతుంది. వీటిలో ఏదీ సన్‌స్క్రీన్ రాసుకుంటే ఆగేది కాదు.

ఈ అధ్యాయం నుంచి మీరు ఒక్క అలవాటు తీసుకుంటే చాలు. నెల రోజులు సరైన వైద్యం చేసినా మానే దారి పట్టని పుండు ఒంటి మీద ఎక్కడ ఉన్నా, డాక్టరుని "దీన్ని ముక్క పరీక్షకు పంపాలా?" అని నోరు తెరిచి అడగండి. ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో, ఎప్పుడు అడగాలో, ఆ తర్వాత ఏం జరుగుతుందో ఇక్కడ వివరంగా చెబుతాను.

ఏ కణాలు దారి తప్పుతాయి?

చర్మం పైపొర చాలాచోట్ల కాగితమంత పలచన. అది ఎపిథీలియల్ కణాల వరుసలతో తయారైంది. అన్నిటికన్నా అడుగున ఉండేవి బేసల్ కణాలు. అవి విడివడుతూ కొత్త కణాలను పైకి తోస్తుంటాయి. పైకి వచ్చే కొద్దీ ఆ కణాలు చదునుగా మారతాయి, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌ను నింపుకుంటాయి, చివరికి చచ్చిపోయి పొట్టుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఈ పని ఆగదు.

ఒక కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ దాని డీఎన్ఏకు నకలు తయారవుతుంది. నకలులో తప్పులు దొర్లుతాయి, వాటిలో దాదాపు అన్నిటినీ ఒళ్లే సరిదిద్దుకుంటుంది. ఎండ, పాషాణం (ఆర్సెనిక్), తారు, మసి, కొన్ని రకాల హెచ్‌పీవీ వైరస్‌లు, ఏళ్ల తరబడి ఆరని వాపు ఆ తప్పులను పెంచుతాయి, లేదా సరిదిద్దే పనికి అడ్డుపడతాయి. తప్పులు పేరుకుపోయిన కణం పైకి వెళ్లి రాలిపోవడం మాని, అక్కడే పెరగడం మొదలుపెడుతుంది. అడుగు వరుస కణాలను పోలి పెరిగేది బేసల్ సెల్ కార్సినోమా. పైన చదునయ్యే కణాలను పోలి పెరిగేది స్క్వేమస్ సెల్ కార్సినోమా. పత్రికల్లో ఎక్కువగా కనిపించే మెలనోమా ఈ కుటుంబానిది కాదు, అది రంగు తయారుచేసే కణాల నుంచి వస్తుంది. దాని గురించి ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్పాలి: అరికాలిలో కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్ల మచ్చను, గోరులో ఒక్కసారిగా కనిపించిన నల్ల చారను వెంటనే చర్మ వైద్యులకు చూపించండి.

బేసల్ రకం ఎక్కువగా ముఖం మీద వస్తుంది. ముక్కు పక్కన, కంటి కింది రెప్ప మీద, కణత దగ్గర. ముత్యంలా మెరిసే బుడిపె, దాని మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు అని పుస్తకాలు వర్ణిస్తాయి. అది తెల్ల చర్మాన్ని చూసి రాసిన వర్ణన. మన చర్మం మీద ఇది తరచుగా నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. అందువల్ల పుట్టుమచ్చ పెరిగిందనుకుని వదిలేస్తారు. గమనించాల్సింది దాని నడవడి. అంచు కాస్త ఉబ్బి, నడుమ చిన్న పుండు పడుతుంది. పక్కు కడుతుంది, పక్కు రాలితే రక్తం చెమ్మ కనిపిస్తుంది, మళ్లీ పక్కు కడుతుంది. మానినట్టే ఉండి మానదు. డబ్లిన్‌కు చెందిన కంటి వైద్యుడు ఆర్థర్ జేకబ్ కనురెప్పల దగ్గర వచ్చే ఇలాంటి పుండును 1827లోనే వర్ణించాడు. ఇది ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు. ఉన్నచోటే లోపలికి తినుకుంటూ పోతుంది. రెప్ప మీద వదిలేస్తే కంటికి, ముక్కు పక్కన వదిలేస్తే మృదులాస్థికి ముప్పు తెస్తుంది.

స్క్వేమస్ రకం మరింత వేగంగా పెరుగుతుంది. పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. ఒకచోట పులిపిరిలా గరుకుగా, మరోచోట అంచులు పైకి లేచిన పుండులా కనిపిస్తుంది. ఇంకోచోట పువ్వు విచ్చినట్టు కండ పెరిగి, ముట్టుకుంటే రక్తం కారుతుంది, వాసన వేస్తుంది. ఇది దగ్గరి లింఫ్ గ్రంథులకు పాకగలదు. కాలి మీద ఉంటే గజ్జల్లో, చేతి మీద ఉంటే చంకలో బిళ్ల కడుతుంది. కొన్నిసార్లు దీనికి ముందు దశ కూడా చిక్కుతుంది. 1912లో జాన్ బోవెన్ వర్ణించడంతో బోవెన్స్ వ్యాధి అని పేరు పడిన ఎర్రటి పొలుసు మచ్చ అలాంటిదే. అందులో క్యాన్సర్ కణాలు ఇంకా పైపొర దాటి ఉండవు. ఒకే ఒక్క మచ్చ ఉండి, తామర మందు నెలల తరబడి రాసినా పోకపోతే, అది తామర కాదేమోనని అనుమానించాలి.

పాత మచ్చలు

నన్ను అడిగితే మన ఇళ్లలో అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. కిరసనాయిలు స్టవ్వు పేలి కాలినవాళ్లు, చీరకు నిప్పంటుకుని బతికి బయటపడ్డవాళ్లు, పసితనంలో మరిగే నీళ్లు మీద పడ్డవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. గాయం మాని ఏళ్లు గడిచిపోతాయి. మోకాలి వెనకో మోచేతి దగ్గరో మచ్చ బిగిసి ఉంటుంది, కదిలినప్పుడల్లా చిట్లుతుంది, మళ్లీ మానుతుంది. అలా చిట్లుతూ మానుతూ ఉండే మచ్చలో స్క్వేమస్ క్యాన్సర్ పుట్టవచ్చు. ఫ్రెంచి సర్జన్ మార్జొలిన్ 1828లో మచ్చల్లో లేచే ఇలాంటి పుళ్లను వర్ణించాడు. వైద్యులు ఇప్పటికీ దీన్ని మార్జొలిన్స్ అల్సర్ అంటారు. కాలిన నాటికీ క్యాన్సర్ బయటపడే నాటికీ మధ్య తరచుగా 30 ఏళ్ల దాకా ఎడం ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లు రెంటినీ కలిపి చూడరు, డాక్టరు అడిగినా ఆ పాత సంగతి చెప్పాలని తోచదు.

మచ్చలో ఎందుకు వస్తుందో ఒకసారి అర్థమైతే ఇక మర్చిపోరు. తెగిన చోటును పూడ్చడానికి అంచు కణాలు నిరంతరం విడివడుతూనే ఉండాలి. వాపు ఆరదు. పైగా మచ్చ కండలో రక్తనాళాలు, లింఫ్ నాళాలు తక్కువ, కాబట్టి దారి తప్పిన కణాన్ని పట్టి చంపే రక్షణ కణాలు అక్కడికి సరిగా చేరవు. అదే మచ్చ కండ గోడలా నిలిచి క్యాన్సర్‌ను కొంతకాలం లోపలే ఆపుతుంది కూడా. ఒకసారి గోడ దాటిందంటే మాత్రం, ఎండ వల్ల వచ్చే మామూలు స్క్వేమస్ క్యాన్సర్ కన్నా ఇది మొండిగా, వేగంగా పాకుతుంది.

కాలిన మచ్చలకే ఈ ముప్పు పరిమితం కాదు. కుష్ఠు పూర్తిగా నయమైనా పాదం మొద్దుబారిపోయినవాళ్లకు అరికాలిలో పుండు ఏళ్ల తరబడి ఉంటుంది. ఎముక విరిగినప్పుడు లోపల చీము పట్టి, ఎన్నేళ్లయినా చిన్న రంధ్రంలోంచి రసి కారుతూనే ఉన్నవాళ్లుంటారు. ఉబ్బిన నరాల వల్ల చీలమండ దగ్గర పుండు పడ్డవాళ్లుంటారు. వీళ్లందరిలో చాలామందికి ఎప్పటికీ క్యాన్సర్ రాదు. కానీ వచ్చే కొద్దిమంది ఎవరో పై నుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే.

పుండు అక్కర్లేకుండా రోజువారీ అలవాటు కూడా ఈ పని చేయగలదు. కాశ్మీరులో చలికాలం ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల, ఒడిలో నిప్పుల కుంపటి పెట్టుకుంటారు. దాన్ని కాంగ్రీ అంటారు. ఆ సెగ తగిలే తొడల మీద, పొట్ట మీద వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్ ఎల్మ్స్లీ 1866లోనే రాశాడు. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రి పాథాలజిస్టు వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి, మన దేశంలో అలవాట్ల వల్ల పుట్టే మూడు క్యాన్సర్ల గురించి పరిశోధన పత్రం ప్రచురించాడు. అందులో ఒకటి ధోవతి బిగించి కట్టే చోట నడుము మీద వచ్చేది. మరొకటి తెలుగువాళ్లకు దగ్గరి సంగతి. ఉత్తరకోస్తా పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్టను నిప్పున్న కొస నోట్లో ఉంచి పీలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబారి, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. అంగిలి బయటి చర్మం కాదు గానీ, దాని పైపొరదీ అదే జాతి కణాలు, పుట్టేదీ స్క్వేమస్ క్యాన్సరే. అడ్డపొగ తాగే అమ్మమ్మ ఇంట్లో ఉంటే, ఆవిడ నోరు తెరిపించి టార్చిలైటు వేసి అంగిలి చూడండి. తెల్లటి మందపాటి పొర మీద ఎర్రటి మచ్చ గానీ, మానని పుండు గానీ ఉంటే దంత వైద్యుల దగ్గరికో క్యాన్సర్ ఆస్పత్రికో తీసుకెళ్లండి. చుట్ట మానమని చెప్పండి. నిప్పు బయటికి పెట్టి తాగితే సరిపోతుందని మాత్రం చెప్పకండి.

ధోవతి మాట పాతదైపోయిందనుకుంటే, లంగా బొందు ఇప్పటికీ ఉంది. 2024లో ఒక వైద్య పత్రికలో మన దేశానికి చెందిన ఇద్దరు మహిళల కేసులు ప్రచురించారు. అందులో ఒకావిడ వయసు 70. నడుము పక్కన వచ్చిన పుండు ఏడాదిన్నర దాకా మానలేదు, పరీక్షిస్తే స్క్వేమస్ క్యాన్సర్ అని తేలింది. దశాబ్దాల తరబడి అదే చోట బిగుతుగా కట్టుకోవడం దానికి కారణమని వైద్యులు రాశారు. ఇలా జరగడం చాలా అరుదు, చీర మానేయాల్సిన పనేమీ లేదు. సన్నటి బొందు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకోండి. ముడి పడే చోటు అప్పుడప్పుడు మార్చండి. ఇంట్లో ఉన్నప్పుడు వదులుగా కట్టుకోండి. బొందు ఒరుసుకున్న చోట చర్మం నల్లబడటం చాలామందికి ఉంటుంది, దానికి కంగారుపడక్కర్లేదు. అక్కడ చర్మం చిట్లి మానకపోతేనే చూపించుకోవాలి.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

నొప్పి లేకపోవడం మొదటి కారణం. ఈ పుళ్లు మొదట్లో తరచుగా నొప్పి పెట్టవు, నొప్పి లేనిదాన్ని మనం జబ్బుగా లెక్కపెట్టం. రెండో కారణం షుగర్. పుండు మానకపోతే "షుగర్ ఉంది కదా" అనే జవాబు ఇంట్లోనూ, ఒక్కోసారి క్లినిక్‌లోనూ సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు ఎక్కువసార్లు నిజమే, చిక్కంతా అక్కడే. షుగర్ అదుపులోకి వచ్చాక కూడా పుండు చిన్నదవడం లేదంటే, ఆ జవాబు ఇక చాలదు. మూడోది, పసుపు, ఆకు పసరు, ఆర్‌ఎంపీ ఇచ్చిన గొట్టం మందు, మందుల షాపు వాడు ఇచ్చిన మరో గొట్టం మందు, ఇలా ఒక్కోటి రెండేసి నెలలు గడిచిపోవడం. ఎవరూ తప్పు చేస్తున్నామనుకోరు. ఏడాది మాత్రం అయిపోతుంది.

నాలుగోది మరీ బాధాకరం. ఇంటి ఆడవాళ్లు ఒంటి మీది పుండును ఎవరికీ చూపించరు. మగవాళ్లు మర్మాంగం మీది పులిపిరిని దాస్తారు. పెద్దవయసులో ముందుచర్మం వెనక్కి రాకుండా బిగుసుకుపోవడం, దాని కింద వాసన, రసి, గట్టి బుడిపె కనిపించడం వెంటనే చూపించాల్సిన లక్షణాలు. ఇంట్లో ఒక్క మనిషికి చెప్పండి, లేదంటే నేరుగా ప్రభుత్వాస్పత్రి చర్మ విభాగానికో యూరాలజీకో వెళ్లండి. వాళ్లు రోజూ చూసేవే అవి.

ఒంటిని చూసుకోవడానికి మనకు మంచి సందర్భం చేతిలోనే ఉంది. ఒంటికి నూనె పట్టించి తలంటు పోసుకునే రోజున, నూనె రాసే చెయ్యి పాత మచ్చల మీద, అరికాళ్ల మీద, నడుము చుట్టూ, చెవుల వెనక కాసేపు ఆగితే చాలు. వేలికి గట్టిగా తగిలే కొత్త బుడిపె, మచ్చలో కొత్తగా పడ్డ పుండు, లేచిన అంచు, వాసన, ముట్టుకుంటే రక్తం. ఇవి వెతకండి. వీపు మరొకరు చూడాలి. అనుమానం వస్తే పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోనుతో ఫొటో తీయండి, వారానికోసారి అదే వెలుతురులో మళ్లీ తీయండి. నాలుగు ఫొటోలు వరసగా చూపిస్తే, డాక్టరుకి మీరు అరగంట చెప్పినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ముక్క పరీక్ష

"కత్తి పెడితే పాకుతుంది" అనే భయం మన ఊళ్లలో బలంగా ఉంది. ఎప్పుడో బాగా ముదిరిన పుండును కోసిన కొద్ది రోజులకే మనిషి పోయిన సంఘటనలు అందరూ చూసి ఉంటారు, ఆ భయం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. బేసల్, స్క్వేమస్ రెండు రకాల్లోనూ ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. తీయకుండా వదిలేసిన నెలల్లోనే ముదురుతుంది.

పుండు పక్కన మత్తు సూది వేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. అవసరమైతే ఒకటో రెండో కుట్లు. ఆ రోజే ఇంటికి రావచ్చు. ముక్కను పుండు నడుమ నుంచి కాకుండా, లేచిన అంచు నుంచి తీయాలి. నడుమ చచ్చిన కండే ఎక్కువ ఉంటుంది. పుండు పెద్దదైతే రెండు మూడు చోట్ల నుంచి తీయాలి. రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చి కూడా పుండు మానకపోతే మళ్లీ తీయించమని అడగండి. అలా అడగడం డాక్టరుని అవమానించడం కాదు.

ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. ఒంటి మీద నుంచి తీసేసిన ఏ అనుమానపు బుడిపెనైనా, పులిపిరి అన్నా, పుట్టుమచ్చ అన్నా, ఆనె అన్నా, చెత్తబుట్టలోకి పోనివ్వకండి. ల్యాబ్‌కు పంపమనండి. నలభై దాటినవాళ్లలో కొత్తగా వచ్చి పెరుగుతున్న పులిపిరిని సున్నంతోనో యాసిడ్‌తోనో కాల్పించుకోవద్దు. లేజర్‌తో కాల్చినా అంతే, పరీక్షించడానికి ఏమీ మిగలదు, అడుగున ఉన్నది అలాగే ఉంటుంది.

రిపోర్టు చేతికొచ్చాక కొన్ని మాటలు చూడండి. "ఇన్ సిటు" అని ఉంటే కణాలు ఇంకా పైపొరలోనే ఉన్నాయని. "వెల్ డిఫరెన్షియేటెడ్" అంటే కణాలు చూడటానికి మామూలు కణాలకు దగ్గరగా ఉన్నాయని, "పూర్లీ" అని ఉంటే మరింత దూకుడైనవని. ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగింది, నరాల వెంట పాకిందా అన్నవి కూడా అడగండి. చెవి మీద, పెదవి మీద, పాత మచ్చలో వచ్చినవి, రెండు సెంటీమీటర్లు దాటినవి ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సినవి.

చికిత్స

చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఈ రెండు క్యాన్సర్లూ ఆపరేషన్‌తో నయమవుతాయి. గడ్డతో పాటు చుట్టూ నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా తీస్తారు, ఆ అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని ల్యాబ్ నిర్ధారించాలి. కనురెప్ప, ముక్కు లాంటి చోట్ల అంత చర్మం వదులుకోవడం కష్టం. పొరలుపొరలుగా తీస్తూ, ఒక్కో పొరనూ అక్కడికక్కడే సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతిని అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ 1930లలో మొదలుపెట్టాడు. మన దేశంలో అది కొద్ది చోట్లే దొరుకుతుంది. ఆపరేషన్‌కు తట్టుకోలేని పెద్దవాళ్లకు రేడియేషన్ మంచి దారి. పైపైన ఉన్నవాటికి ఫ్లోరోయురాసిల్, ఇమిక్విమోడ్ క్రీములు వాడతారు. అవి డాక్టరు చెప్తేనే. బాగా ముదిరిన దశకు కొత్త మందులు వచ్చాయి, వాటి ఖర్చు ఎక్కువ. మచ్చలో పుట్టి ఎముక దాకా దిగిన క్యాన్సర్‌కు కాలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. మొదటి నెలల్లో గోరంత కోతతో పోయేది అక్కడిదాకా వెళ్లడమే నన్ను ఇంత పట్టుబట్టి రాయిస్తోంది.

డబ్బు లేదని ఆగకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల్లో క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్ ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

ఎండకు నిజంగా భయపడాల్సినవారు

పుట్టుకతోనే ఒళ్లూ జుట్టూ తెల్లగా ఉండే పిల్లలకు, అంటే ఆల్బినిజం ఉన్నవారికి, మెలనిన్ రక్షణ లేదు. వాళ్లకు నిండు చేతుల చొక్కా, వెడల్పు టోపీ, ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీన్ చిన్నప్పటి నుంచీ కావాలి, ఏటా చర్మ పరీక్ష కావాలి. బొల్లి వేరే జబ్బు, ఈ రెంటినీ కలిపి భయపడకండి. పసితనంలోనే ఎండ తగిలిన చోటల్లా మచ్చలు పడి కమిలే జీరోడెర్మా పిగ్మెంటోజమ్ ఉన్న పిల్లల్లో డీఎన్ఏను సరిదిద్దే ఏర్పాటే లోపించి ఉంటుంది. వాళ్లను ఎండ నుంచి పూర్తిగా కాపాడాలి. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి స్క్వేమస్ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చెకప్‌కు వెళ్లినప్పుడు చర్మం కూడా చూడమని వాళ్లే అడగాలి. ఎండతో పని లేని ముప్పు మరొకటి ఉంది. పశ్చిమ బెంగాల్ లాంటి చోట్ల బోరు నీళ్లలోని పాషాణం, కొన్ని నాటు మందుల్లో కలిసిన పాషాణం అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి గింజల్లాంటి కాయలు కాయిస్తాయి. దశాబ్దాల తర్వాత క్యాన్సర్ తెస్తాయి. పాషాణం ఉందో లేదో తెలియని భస్మాలు ఏళ్లకేళ్లు మింగకండి.

నయమయ్యాక

తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడతాయి. ఆ రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. స్క్వేమస్ రకమైతే ఇంట్లోనే నెలకోసారి గజ్జలు, చంకలు, మెడ తడిమి చూసుకోండి. గోలీ అంత గట్టి బిళ్ల తగిలి, రెండు వారాలకూ తగ్గకపోతే తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. ఒకసారి వచ్చినవారికి వేరేచోట కొత్తది వచ్చే అవకాశం కూడా ఎక్కువే, కాబట్టి మానిన చోటొక్కటే చూసి ఊరుకోవద్దు. ముక్క పరీక్ష రిపోర్టు, ల్యాబ్ ఇచ్చిన గాజు స్లైడ్లు, మైనపు బ్లాకు మీవే. అడిగి తీసుకుని ఒక డబ్బాలో భద్రపరచండి. ఆస్పత్రి మారినా, ఊరు మారినా కొత్త డాక్టరు ముందుగా అడిగేది వాటినే.